స్పెయిన్ మెట్టభూములలో గార్నాచా ద్రాక్ష



ఈ పూట నేను చెప్పబోయే పంట మన ఊళ్ళలో లేదు. అది స్పెయిన్ దేశపు పంట. తినే ద్రాక్ష కూడా కాదు, వైన్ తీసే ద్రాక్ష. వైన్ అంటే ద్రాక్షరసాన్ని పులియబెట్టి తీసే సారా. వ్యవసాయ కార్యక్రమంలో సారా సంగతి ఏమిటని మీలో పెద్దలు అనుకోవచ్చు. దాన్ని తాగమని చెప్పడానికి గాని, ఆ తీగను తెచ్చి నాటమని చెప్పడానికి గాని నేను రాలేదు. కాయ తక్కువ, పేరు లేదు అని ప్రభుత్వమే డబ్బిచ్చి పీకించిన తీగ ఒకటి ఉన్నది. పీకకుండా ఉంచుకొన్నవారి సంగతి తరువాత ఏమైందన్నది నేటి ప్రసంగము. ముసలి తోటను ఉంచాలా, తీసివేయాలా అనే ప్రశ్న మన దగ్గర కూడా ఏటా వస్తుంది కనుక, ఇది మనకు పరాయి సంగతి కాదు.

నేను స్పెయిన్ వెళ్ళలేదు. చదివి తెలుసుకొన్నది చెప్తున్నాను.

ఆ తీగ పేరు గార్నాచా. ఫ్రాన్సులో దానినే గ్రెనాష్ అంటారు. ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపంలో కానొనావ్ అంటారు. పుట్టిల్లు మాత్రం స్పెయిన్‌కు ఈశాన్యాన ఉన్న అరగాన్ ప్రాంతమే అయి ఉంటుందని ఎక్కువమంది నమ్మకము. స్పెయిన్ ఎర్ర వైన్ అనగానే లోకమంతా రియోహా పేరు చెప్తుంది. కాస్త తెలిసినవారు ప్రియొరాత్ పేరు చెప్తారు. నేను చెప్పేది ఆ రెండింటి గురించి కాదు. అరగాన్‌లోని కాంపో దె బోర్హా, కలతాయూద్, కరిన్యేన అనే మూడు సీమలు, మద్రిద్ నగరానికి పడమట గ్రేదోస్ కొండలు. చాలాకాలం ఈ ఊళ్ళ సరుకు పేరు లేకుండానే పీపాలలో, ట్యాంకులలో అమ్ముడుపోయింది.

ముందు నేల సంగతి చూద్దాము. ఎబ్రో అనే నది ఒడ్డున సరగోసా నగరం ఉన్నది. దానికి పడమటి దిక్కున మొంకాయో అనే కొండ, 2,300 మీటర్లకు పైబడిన ఎత్తు. ఆ కొండ పాదాన బోర్హా సీమ. దక్షిణాన కరిన్యేన, నైరుతిన ఇంకా ఎత్తున కలతాయూద్. వర్షపాతము చెప్తే మీరు ఆశ్చర్యపోతారు. ఏడాది పొడవునా కలిపి సుమారు 350 నుంచి 450 మిల్లీమీటర్లు. కరువు సీమ అని పేరుపడ్డ మన అనంతపురంలో 550 దాకా పడుతుంది గదా! పైగా అక్కడ వాయవ్యం నుంచి సియెర్సో అనే చలిగాలి వీస్తుంది. అది వీచిందంటే మనిషి నిలబడలేడు. ఆకుమీది తేమను అది ఆర్పివేస్తుంది కాబట్టి బూజు తెగులు పెద్దగా పట్టదు. నేలలోని తడిని కూడా అదే లాగివేస్తుంది.

ఇటువంటి చోట ద్రాక్ష ఎట్లా బ్రతుకుతుందంటారా? మన హైదరాబాదు పరిసరాలలో అనాబ్-ఎ-షాహి తోటలు చూసినవారికి ద్రాక్ష అంటే పందిరే గుర్తుకు వస్తుంది. రాతి స్తంభాలు, తీగలు, తలపైన గుత్తులు, కింద నీటి కాలువ. అక్కడ పందిరీ లేదు, కాలువా లేదు. తీగను మోకాలెత్తున ఆపి, మూడు నాలుగు కొమ్మలు గిన్నెలాగా పైకి తీస్తారు. చలికాలంలో ఆకు రాలిన తరువాత ప్రతి కొమ్మ మీద రెండు కన్నులు గల చిన్న మొటికలు ఉంచి మిగిలినదంతా కత్తిరిస్తారు. దూరం నుంచి చూస్తే ఎండిన పొద అనుకొంటారు. గార్నాచాకు ఆ పద్ధతి బాగా కలిసివచ్చింది. దాని కొమ్మ గట్టిది, నిటారుగా పెరుగుతుంది, గాలికి విరగదు, ఊతం అడగదు. వేసవిలో దాని ఆకే గుత్తికి గొడుగు.

మొక్కకు మొక్కకు మధ్య రెండున్నర మీటర్ల ఎడం పెట్టారనుకోండి, ఎకరాకు సుమారు 650 మొక్కలు పడతాయి. ముసలి తీగకు కాపు ఒక కిలో, బాగా కాస్తే రెండు కిలోలు. అంటే ఎకరాకు ఒక టన్ను చేతికి వస్తే అదృష్టము. మన అనాబ్-ఎ-షాహి పందిరి మీద ఎకరాకు పది పదిహేను టన్నులు తీసిన రైతుకు ఈ లెక్క చెప్తే నవ్వుతాడు. నవ్వడంలో తప్పు లేదు. కాని ఆ పదిహేను టన్నుల వెనుక నీరు ఎంత, ఎరువు ఎంత, మందు ఎంత, పందిరికి అప్పు ఎంత అని కూడా లెక్క వేయాలి.

గార్నాచాకు గుణాలున్నట్టే దోషాలూ ఉన్నాయి. ఎండకు ఓర్చుకొంటుంది. బూడిద తెగులును కొంతవరకు తట్టుకొంటుంది. అయితే పూతకాలంలో చలి గాని వాన గాని వచ్చిందా, పూత రాలిపోతుంది, గుత్తి పల్చబడుతుంది. పెందలాడే చిగురు వేస్తుంది కనుక మంచు దెబ్బ తగిలే ప్రమాదం కూడా ఉంది. పండడం మాత్రం ఆలస్యము. పల్లపు తోటలలో సెప్టెంబరులో, ఎత్తైన తోటలలో అక్టోబరులో కోస్తారు. కాయ తోలు పల్చన, అందుచేత రంగు తక్కువ. రసానికి గాలి తగిలితే తొందరగా ఎర్రదనం పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. చక్కెర మాత్రం దండిగా కూడుతుంది.

ఈ చక్కెర దగ్గరే కథ ఉన్నది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం సారా తయారవుతుంది. గార్నాచా బాగా పండితే లీటరుకు 250 గ్రాముల చక్కెర సులువుగా వస్తుంది. భాగించి చూడండి, పద్నాలుగు శాతం దాటుతుంది. చలి దేశాల వైన్ పల్చగా ఉంటే దానిలో కలిపి బలం పెంచడానికి ఈ సరుకు అక్కరకు వచ్చింది. ఊరిలో సహకార సంఘం ఉండేది. రైతు బండి తోలుకువస్తే కాటా వేసి, రసంలో చక్కెర డిగ్రీ చూసి, కిలోలను డిగ్రీతో హెచ్చవేసి డబ్బు కట్టేవారు. కొండమీది ముసలి తోట కాయా, పల్లంలోని లేత తోట కాయా ఒకే తొట్టిలో పడేవి. ఇట్లాంటి లెక్కలో రైతు ఏం చేస్తాడు? కిలోలు పెంచుతాడు. మనమైనా అదే చేస్తాము.

ఆ సంఘాలను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. 19వ శతాబ్దం చివరలో ఫిల్లోక్సెరా అనే వేరుపేను యూరపు ద్రాక్షతోటలను నాశనం చేసింది. 1878లో అది స్పెయిన్ దక్షిణాన మలగా సీమలో కనిపించింది, తరువాత పైకి పాకింది. అమెరికా జాతి మొదలు మీద తమ తీగను అంటుకట్టి అక్కడి రైతులు మళ్ళీ తోటలు వేశారు. ఆ వేసిన వాటిలో గార్నాచా పెద్ద వాటా. చిన్న కమతాలవాళ్ళకు సొంతంగా గానుగ, తొట్టి కట్టుకొనే స్తోమతు లేదు. కరిన్యేనలో 1944లో, బోర్హాలో 1958లో, కలతాయూద్ సీమ మియేదెస్ గ్రామంలో 1962లో ఏర్పడ్డ సహకార సంఘాలు లేకపోతే ఆ తోటలు ఎప్పుడో పోయి ఉండేవి. తోటను బ్రతికించినదీ సంఘమే, చాలాకాలం కాయకు తగిన విలువ కట్టలేకపోయినదీ సంఘమే.

కరిన్యేన పేరు వచ్చింది గనుక ఒక చిన్న మాట. ఆ ఊరి పేరుమీద కారిన్యాన్ అనే వేరే ద్రాక్షరకం ప్రపంచమంతా ప్రసిద్ధి. ఆ ఊరిలో మాత్రం గార్నాచాయే ఎక్కువ. మన దగ్గర కూడా ఊరి పేరుతో అమ్మే సరుకంతా ఆ ఊరిదేనా?

ఇక పీకివేత సంగతి. 1986లో స్పెయిన్ యూరపు ఆర్థిక సమాజంలో చేరింది. అప్పటికి ఆ సమాజంలో వైన్ అమ్ముడుపోక గుట్టలుగా మిగిలిపోతున్నది. సాగు తగ్గించడానికి 1988లో ఒక నిబంధన తెచ్చి, ద్రాక్షతోట శాశ్వతంగా తీసివేసిన రైతుకు హెక్టారుకు ఇంత అని సొమ్ము ఇచ్చారు. మరొక పక్క తోట ఉంచుకొనేవారికి తెంప్రానిల్యో, కాబెర్నే వంటి పేరున్న రకాలు వేసుకోమని సలహాలు. గార్నాచాకు రంగు లేదు, నిలువ ఉండదు, నాటు సరుకు అన్నారు. 1980 దశకం చివర స్పెయిన్‌లో గార్నాచా సుమారు 4 లక్షల 20 వేల ఎకరాలు. 2004 నాటికి మిగిలింది 2 లక్షల 3 వేల ఎకరాలు. సగానికి పైగా పోయింది. పోయినవాటిలో అరవై, డెబ్బై ఏళ్ళ తోటలు ఎన్నో! అరవై ఏళ్ళ తీగ పోతే మళ్ళీ అది కావాలంటే అరవై ఏళ్ళు ఆగవలసిందే గాని వేరే దారి లేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. డిప్లొమా చేతికి వచ్చిన కొత్తలో, పన్నెండేళ్ళ క్రిందట, రాయలసీమలో ఒక మెట్ట గ్రామంలో పనిచేశాను. ఒక పెద్దాయనకు టెంకనాటు మామిడి చెట్లు ముప్పై దాకా ఉండేవి. పీచుకాయ, పులుపు, ఒక ఏడు కాస్తే ఒక ఏడు లేదు. అప్పటి ఒక పథకం కింద అంటుమొక్కలు, బిందు సేద్యానికి రాయితీ ఉన్నాయి. నేను మూడుసార్లు వెళ్ళి చెప్పాను. “ఇవి నీళ్ళడగవు గదా సారూ, కొత్తవి అడుగుతాయి” అన్నాడాయన. “బోరు ఉంది గదా తాతా” అన్నాను. కొడుకులు నా వైపు మాట్లాడారు. పందొమ్మిది చెట్లు కొట్టించాము. నాలుగో ఏట బోరు ఎండిపోయింది. అంటుమొక్కలు సగానికి పైగా పోయాయి. మిగిలిన పదకొండు చెట్లకు ఇప్పుడు ఆవకాయ పెట్టేవాళ్ళు ఊరికి వచ్చి కాయ బేరం చేసుకొని పోతున్నారు. పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. నేను ఇచ్చిన సలహా పుస్తకం ప్రకారం సరైనదే. ఆ పుస్తకంలో ఎకరాకు దిగుబడి లెక్క ఉన్నది, నీరు పోయిన ఏడు ఏమవుతుందో లెక్క లేదు.

గార్నాచా గురించి చదివినప్పుడు నాకు ఆ పందొమ్మిది చెట్లే గుర్తుకు వచ్చాయి.

సరే, పీకనివారి సంగతికి వద్దాము. వాళ్ళందరూ ముందుచూపుతో ఉంచారని అనుకోకండి. కొందరికి కాగితాలు సరిగా లేవు, కొందరికి ఓపిక లేదు, కొందరు తండ్రి వేసిన తోట మీద గొడ్డలి వేయలేకపోయారు. కొండవాలున ఉన్న తోటలోకి ట్రాక్టరు వెళ్ళదు, అక్కడ ఇంకొక పంట రాదు, అందుకని అట్లాగే ఉండిపోయినవీ చాలా ఉన్నాయి.

ఇంతలో 1989 ప్రాంతంలో ప్రియొరాత్ అనే కొండసీమకు రెనె బార్బియె, ఆల్వారో పలాసియోస్ మొదలైన కొద్దిమంది వెళ్ళి, ముసలి గార్నాచా, కారిన్యాన్ తోటలనుంచి మంచి వైన్ తీసి పెద్ద ధరకు అమ్మి చూపారు. రకం చెడ్డది కాదు, కాపు ఎక్కువైతే చెడుతుంది అని తేలింది. ఒకే తీగకు నీరు పెట్టి పది కిలోలు కాయిస్తే వైన్ పల్చగా, రంగు లేకుండా వస్తుంది. అదే తీగ కిలోన్నర కాస్తే చిక్కగా వస్తుంది. నాటు సరుకు అన్న మాట తీగకు కాదు, సాగు పద్ధతికి చెందవలసింది.

అరగాన్ సంఘాలు నెమ్మదిగా దారి మార్చాయి. ముసలి తోట కాయను వేరుగా దింపించుకోవడం, వేరే తొట్టిలో పులియబెట్టడం, పీపాలలో గాక సీసాలలో సొంత పేరుతో అమ్మడం. చెప్పడానికి మూడు ముక్కలు. చేయడానికి మాత్రం, నీ కాయ మంచిది, నీది మామూలుది అని సంఘంలో సభ్యుడి ముఖాన చెప్పాలి. సంఘాల్లో పనిచేసినవారికి అది ఎంత కష్టమో తెలుసు. 2003లో నారెల్ రాబర్ట్‌సన్ అనే స్కాట్లండు దేశీయుడు, వైన్ విద్యలో పెద్ద పట్టా పొందినవాడు, కలతాయూద్ వచ్చి స్థిరపడి, ఎత్తైన పాత తోటల కాయతో వైన్ చేయడం మొదలుపెట్టాడు. బయటివాడు వచ్చి చెప్తేగాని మన ఇంటి చెట్టు విలువ మనకు తెలియదన్న మాట అక్కడ కూడా నిజమే కాబోలు.

గ్రేదోస్ కొండల సంగతి వేరు. ఆవిలా, మద్రిద్, తొలేదో అనే మూడు జిల్లాలు అక్కడ కలుస్తాయి. రేగడి లేదు, గ్రానైటు రాయి అరిగి ఏర్పడ్డ గరుసు ఇసుకే ఎక్కువ. తోటలు 1,200 మీటర్ల ఎత్తు వరకు ఉన్నాయి. మద్రిద్ దగ్గర కాబట్టి యువకులు ఉద్యోగాలకు పోయారు, తోటలు ముళ్ళు కప్పుకొన్నాయి. 2008 ప్రాంతంలో డానియెల్ లాండి, ఫెర్నాండో గార్సియా అనే ఇద్దరు స్నేహితులు ఆ తోటలను చేతిలోకి తీసుకొని, ఏటవాళ్ళలో గుర్రం చేత దున్నించి సాగు చేశారు. ఇప్పుడు వారి వైన్ దేశదేశాలవారు వెతికి కొనుక్కొంటారు.

ఇక సరుకు ఎట్లా ఉంటుందని అడుగుతారు. తాగినవారు వ్రాసినదాన్ని బట్టి చెప్తాను. బోర్హా సీమలోని పల్లపు తోటలది ముదురు ఎరుపు, పండిన పండ్ల వాసన, నోటికి తియ్యదనం అనిపించే నిండుతనం, బలం పదిహేను శాతం దాకా. కలతాయూద్‌లో తోటలు వెయ్యి మీటర్ల వరకు ఉన్నాయి, పలకరాతి నేల. రాత్రి చలికి కాయలో పులుపు నిలుస్తుంది, అందుచేత అంత బలంలోనూ కొంత తాజాదనం ఉంటుంది. గ్రేదోస్‌ది లేత రంగు, గ్లాసులోనుంచి వేలు కనబడేంత పల్చన, కాని వాసన ఎక్కువ. ఒకే రకం తీగ, మూడు నేలలు, మూడు రుచులు. మన బెల్లం సంగతి తెలిసినవారికి ఇది వింత కాదు. అనకాపల్లి బెల్లం ఒకటి, నిజామాబాదు బెల్లం ఒకటి.

చేసే విధానం కూడా క్లుప్తంగా చెప్తాను. పొదల వంటి తీగలలోకి కోత యంత్రం పోదు, కాబట్టి గుత్తులు చేత్తోనే కోస్తారు. ఈనె తీసివేసి కాయ చిదిపి తోలుతో సహా తొట్టిలో పోస్తారు. రసం తెల్లనిదే, రంగు ఉన్నది తోలులోనే. పులిసేటప్పుడు పుట్టే వాయువు తోలును పైకి తేలుస్తుంది. దాన్ని రోజూ కిందికి తొక్కుతూ ఉండాలి, లేకపోతే ఎండి పాడవుతుంది. పని జరుగుతున్న గదిలో ఆ వాయువు నిండితే మనిషికి ప్రాణాపాయము, అందుకని గాలి ఆడేట్లు చూస్తారు. ఒకటి రెండు వారాల తరువాత రసం దింపి, తోలు గానుగలో పిండుతారు. గార్నాచాకు గాలి పడదు కనుక పాత్ర గొంతువరకు నింపి ఉంచుతారు. ఒకప్పుడు కొత్త ఓక్ పీపాలలో ఎక్కువకాలం పెట్టేవారు, చెక్క వాసన పండు వాసనను మింగేది. ఇప్పుడు చాలామంది సిమెంటు తొట్లకు, పెద్ద పాత పీపాలకు మళ్ళారు.

అంతా సుఖంగా ముగిసిందని చెప్పలేను. పేరు వచ్చింది కాని బోర్హా, కలతాయూద్ సీసాలు ఇప్పటికీ బజారులో చౌక సరుకుగానే ఎక్కువ అమ్ముడుపోతున్నాయి. ఎకరాకు టన్ను కాసే రైతుకు కిలో ధర బాగా పెరగకపోతే గిట్టదు. తోటలు ముసలివి, తోటమాలులు కూడా ముసలివారే. వేసవి వేడి పెరుగుతున్నకొద్దీ కాయలో చక్కెర మరీ తొందరగా కూడుతున్నది, బలం పట్టరానంతగా పెరుగుతున్నది. అందుకే ఒకప్పుడు పనికిరావన్న ఎత్తు తోటలకు ఇప్పుడు గిరాకి. 1996 దాకా వైన్ ద్రాక్షకు నీరు పెట్టడానికి సాధారణంగా అనుమతి ఉండేది కాదు. ఇప్పుడు పెట్టవచ్చు. పెట్టవచ్చు గాని ఆ కొండల మీదికి నీరు ఎక్కడినుంచి వస్తుంది?

ఈ ప్రసంగం విని గార్నాచా మొక్కలు ఎక్కడ దొరుకుతాయని దయచేసి ఉత్తరాలు వ్రాయకండి. అక్కడ చలికాలంలో తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. మన దగ్గర ఆ చలి లేదు. అందుకే మనం వేసవిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి, ఏటా రెండు కత్తిరింపులు వేస్తాము. నీరు పెట్టకుండా పొదలాగా పెంచే పద్ధతి మన ఎండలో నిలుస్తుందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.

కాని టెంకనాటు మామిడి గాని, పాత చింత గాని, నేరేడు గాని ఉన్నవారు ఒక పని చేయవచ్చు. ప్రతి చెట్టుకు సున్నంతో ఒక అంకె వేయండి. ఏ చెట్టు ఏ ఏడు ఎంత కాసింది, కరువు ఏట కాసిందా లేదా, కాయ ఎవరు కొన్నారు, ఎందుకు కొన్నారు అన్నది ఒక నోటుబుక్కులో వ్రాయండి. మూడేళ్ళ లెక్క చేతిలో ఉంటే, చెట్టు తీయమని చెప్పడానికి వచ్చిన నాబోటి వాడికి ముందు ఆ పుస్తకం చూపించవచ్చు. విస్తరణ శాఖ మిత్రులకు నా మనవి కూడా అదే. ముందు ఆ పుస్తకం అడగండి, లేకపోతే కూర్చొని రాయించండి. వచ్చే వైశాఖంలో ఆ పదకొండు చెట్లకు అంకెలు వేయడానికి నేను వస్తానని పెద్దాయనకు మాట ఇచ్చాను. సున్నం ఆయన కలిపి ఉంచుతానన్నాడు.